ద్రవం మోసే బలం: ఏటీవీ బ్రేకుల్లో గాలి తీయడం, ద్రవం మార్చడం

ఈ ప్రసంగంలో మనం తెలుసుకోబోయే పదార్థం బండి హ్యాండిల్ పక్కన ఒక చిన్న డబ్బాలో ఉంటుంది. మన మెకానిక్కులు దాన్ని 'బ్రేక్ ఆయిల్' అంటారు. పెట్రోలు అయిపోతే బండి ఆగిపోతుంది. ఈ ద్రవం పాడైతే బండి ఆగదు. ఈ రెంటిలో ఏది ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. అయినా పెట్రోలు ఎంతుందో రోజూ చూసుకునే మనం ఈ ద్రవాన్ని ఏళ్ల తరబడి పట్టించుకోం.

ఈ ద్రవంలో గాలి ఎందుకు ఉండకూడదు? నీరు ఎందుకు చేరకూడదు? చేరితే ఎలా తీయాలి? ఈ మూడు ప్రశ్నలకు ఏటీవీ అనే బండిని ఉదాహరణగా తీసుకుని జవాబు వెతుకుదాం. మీరు ఇంటర్ వరకు చదివిన భౌతికశాస్త్రం దీనికి సరిపోతుంది.

ఏటీవీ అంటే ఆల్ టెరైన్ వెహికిల్. ఇసుక, బురద, రాళ్లు, మంచు, ఏ నేల మీదైనా నడిచేలా తయారైన బండి. లావైన, మెత్తని టైర్లు ఉంటాయి. మోటారు సైకిల్ మీద కూర్చున్నట్టే కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని నడుపుతారు. 1970లో హోండా సంస్థ అమెరికా మార్కెట్టులోకి మూడు చక్రాల బండిని తెచ్చింది. 1980ల మొదట్లో సుజుకి నాలుగు చక్రాల బండిని తెచ్చింది. మూడు చక్రాల బండ్లు తేలికగా తిరగబడి ప్రమాదాలు ఎక్కువ కావడంతో 1988లో అమెరికాలో వాటి అమ్మకం నిలిపివేశారు. నాలుగు చక్రాలవి నిలిచాయి. పొలాల్లో, అడవుల్లో, కొండ ప్రాంతాల్లో వాటిని వాడుతున్నారు. మన దేశంలో మనాలి దగ్గరి సోలాంగ్ లోయ వంటి పర్యాటక స్థలాల్లో మీలో కొందరు వాటిని చూసే ఉంటారు.

మన ఇంజనీరింగ్ విద్యార్థులకు ఈ బండి మరో విధంగా పరిచయం. అమెరికాలో 1976లో మొదలైన బాజా పోటీ 2007లో మన దేశానికి వచ్చింది. ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో జరిగిన ఆ పోటీలకు వివిధ రాష్ట్రాల నుంచి కళాశాలల జట్లు తాము స్వయంగా తయారు చేసిన ఏటీవీలతో వెళ్లాయి. పరుగు పందెం కంటే ముందు బ్రేకు పరీక్ష ఉంటుంది. బండిని వేగంగా నడిపి బ్రేకు వేయాలి. నాలుగు చక్రాలూ తిరగడం ఆగిపోవాలి, బండి పక్కకు తిరగకుండా నిలబడాలి. అందులో నెగ్గని బండికి తరవాతి పోటీల్లో ప్రవేశం లేదు. ఏడాది పాటు కష్టపడి బండి తయారు చేసిన జట్టును గొట్టంలో మిగిలిన ఒక గాలి బుడగ మైదానం బయటే నిలబెట్టగలదు. అది ఎలాగో చూద్దాం.

ముందుగా మూల సూత్రం. మూసి ఉంచిన ద్రవం మీద ఒకచోట పీడనం కలిగిస్తే, అది తగ్గకుండా అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుంది. ఫ్రాన్స్ దేశపు శాస్త్రవేత్త బ్లెయిజ్ పాస్కల్ చెప్పిన సూత్రమిది. ఆయన 1662లో మరణించారు. ద్రవాల గురించి ఆయన రాసిన గ్రంథం మరుసటి ఏడాది అచ్చయింది. మోటారు బండి బ్రేకుల్లో ఈ సూత్రాన్ని వాడడానికి మాత్రం రెండున్నర శతాబ్దాలు పట్టింది. అమెరికాలో 1921లో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ద్రవంతో పనిచేసే బ్రేకులు అమర్చిన తొలి కార్లలో ఒకటి. అంతకు ముందు కడ్డీలు, తీగలు లాగి బ్రేకులు వేసేవారు. తీగ ఒకవైపు కొంచెం సాగితే ఒక చక్రం ముందు పట్టేది, ఇంకోటి తరవాత పట్టేది. ద్రవానికి ఆ ఇబ్బంది లేదు.

ఈ సూత్రాన్ని మీరు ఇంట్లోనే పరీక్షించవచ్చు. సూదులు లేని కొత్త సిరంజీలు రెండు తీసుకోండి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెంటినీ సన్నని ప్లాస్టిక్ గొట్టంతో కలపండి. నీటి తొట్టిలో ముంచి, గాలి లేకుండా నీటితో నింపండి. ఇప్పుడు చిన్నదాన్ని నొక్కితే పెద్దది వెంటనే కదులుతుంది. పెద్దదాన్ని వేలితో ఆపాలని చూడండి, ఆపడం కష్టం. తరవాత గొట్టంలోకి కొంచెం గాలి పోనివ్వండి. పెద్దదాన్ని మీ స్నేహితుణ్ణి గట్టిగా పట్టుకోమని, చిన్నదాన్ని నొక్కండి. మీ బొటనవేలు ముందుకు పోతుంది, పెద్దది మాత్రం కదలదు. మీ బలం గాలిని నలపడానికి ఖర్చయింది. ఈ ప్రసంగంలో చెప్పేదాంట్లో సగం ఈ ఒక్క ప్రయోగంలోనే ఉంది.

ఇప్పుడు బండి దగ్గరికి వద్దాం. హ్యాండిల్ మీద బ్రేకు పిడి ఉంటుంది. దాని పక్కన ఉండే చిన్న సిలిండరును మాస్టర్ సిలిండర్ అంటారు. దాని పైన ద్రవం నిల్వ ఉండే డబ్బా, అంటే రిజర్వాయర్. మాస్టర్ సిలిండర్ నుంచి గొట్టం చక్రం దాకా వెళ్తుంది. చక్రంతో పాటు తిరిగే ఉక్కు పళ్లెం డిస్క్. దాన్ని రెండు పక్కల నుంచి పట్టే భాగం కాలిపర్. కాలిపర్‌లోని పిస్టన్ ముందుకు వచ్చి, ప్యాడ్లను డిస్క్‌కు ఒత్తుతుంది.

ఒక లెక్క వేద్దాం. అంకెలు ఒక్కో బండికి ఒక్కోలా ఉంటాయి, ఇవి ఉదాహరణకు మాత్రమే. మీరు పిడిని 10 కిలోల బలంతో లాగారనుకోండి. పిడి ఒక తులాదండం. అది బలాన్ని 6 రెట్లు చేస్తుందనుకుంటే మాస్టర్ సిలిండర్ పిస్టన్ మీద 60 కిలోల బలం పడుతుంది. ఆ పిస్టన్ వ్యాసం 12.7 మిల్లీమీటర్లయితే వైశాల్యం దాదాపు 1.27 చదరపు సెంటీమీటర్లు. 60ని 1.27తో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 47 కిలోల పీడనం వస్తుంది. చక్రం దగ్గరి పిస్టన్ వ్యాసం 32 మిల్లీమీటర్లయితే వైశాల్యం 8 చదరపు సెంటీమీటర్లు. 47ను 8తో గుణిస్తే 376 కిలోలు. నాలుగు వేళ్లతో లాగిన 10 కిలోల బలం చక్రం దగ్గర 376 కిలోలైంది.

బలం పెరిగితే కదిలే దూరం తగ్గుతుంది. శక్తి నిత్యత్వ సూత్రం ఊరికే ఏదీ ఇవ్వదు. ప్యాడ్లు కదలవలసింది చాలా కొద్ది దూరం కాబట్టి అది మనకు సరిపోతుంది. కాలిపర్ పిస్టన్ 0.2 మిల్లీమీటర్లు కదలాలంటే 0.16 ఘన సెంటీమీటర్ల ద్రవం చాలు. అందుకు పిడి చివర 8 మిల్లీమీటర్లు కూడా కదలనక్కరలేదు.

ఇప్పుడు గొట్టంలో 1 ఘన సెంటీమీటరు గాలి ఉందనుకుందాం. బఠానీ గింజ కంటే కొంచెం పెద్ద బుడగ. పైన లెక్కించిన పీడనం రావాలంటే ముందు ఆ గాలి తన పరిమాణంలో 48వ వంతుకు నలగాలి. ఇది బాయిల్ నియమం. అంటే దాదాపు 1 ఘన సెంటీమీటరు ద్రవాన్ని ఆ బుడగను నలపడానికే అదనంగా పంపాలి. మాస్టర్ సిలిండర్ పిస్టన్ దానికోసం దాదాపు 8 మిల్లీమీటర్లు నడవాలి. పిడి చివర దానికి 6 రెట్లు, అంటే 47 మిల్లీమీటర్లు కదలాలి. అంత చోటు ఎక్కడుంది? పిడి వచ్చి హ్యాండిల్‌కు తగులుతుంది, బ్రేకు మాత్రం పట్టదు. అదే పీడనం దగ్గర నీరు నలిగేది వెయ్యి పాళ్లలో రెండు పాళ్లే. బ్రేకు ద్రవం కూడా ఇంచుమించు అంతే. పిడి నొక్కితే మెత్తగా, స్పాంజిలాగా అనిపించిందంటే లోపల గాలి ఉందని అనుమానించాలి. ఆ గాలిని బయటికి పంపే పనినే బ్లీడింగ్ అంటారు. మన వర్క్‌షాపుల్లో 'ఎయిర్ తీయడం' అంటారు.

గాలి సంగతి ఇది. నీటి సంగతి ఇంకొంచెం లోతైనది.

బ్రేకు వేయడమంటే బండి గతిశక్తిని వేడిగా మార్చడం. మనిషితో కలిపి 375 కిలోల ఏటీవీ గంటకు 45 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దాని గతిశక్తి దాదాపు 29,000 జౌళ్లు. ఆ వేడి మొత్తం ఒక కిలో ఉక్కులోకి చేరితే ఉక్కు ఉష్ణోగ్రత 60 డిగ్రీలు పెరుగుతుంది. ఒకసారి ఆగితే పెద్ద విషయం కాదు, చల్లారిపోతుంది. కొండ దిగేటప్పుడు లెక్క మారుతుంది. 300 మీటర్ల ఎత్తు నుంచి దిగితే పోయే స్థితిశక్తి దాదాపు 11 లక్షల జౌళ్లు. అంటే గంటకు 45 కిలోమీటర్ల వేగం నుంచి వరసగా 38 సార్లు బండి ఆపినంత వేడి. గాలి, టైర్లు, ఇంజను కొంత పంచుకుంటాయి. మిగిలింది బ్రేకులకే. పైగా ఏటీవీ వేగం తక్కువ కాబట్టి గాలి బాగా తగలదు, చక్రం లోపల బురద పేరుకుంటుంది. వేడి డిస్క్ నుంచి ప్యాడ్‌కు, ప్యాడ్ నుంచి పిస్టన్‌కు, పిస్టన్ నుంచి ద్రవానికి చేరుతుంది.

ద్రవం మరగకూడదు. అందుకే బ్రేకుల్లో మామూలు నీరు వాడరు. గ్లైకాల్ ఈథర్ల వంటి రసాయనాలతో చేసిన, ఎక్కువ వేడికి గాని మరగని ద్రవాన్ని వాడతారు. సీసా మీద డాట్ 3, డాట్ 4 అని రాసి ఉంటుంది. డాట్ అనేది అమెరికా రవాణా శాఖ పేరులోని మొదటి అక్షరాల కూర్పు. ఆ ప్రమాణాల ప్రకారం తాజా డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు, డాట్ 4 కనీసం 230 డిగ్రీల వరకు, డాట్ 5.1 కనీసం 260 డిగ్రీల వరకు మరగకూడదు.

అయితే ఈ ద్రవాలకు ఒక గుణం ఉంది. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. వానాకాలంలో మూత తీసి ఉంచిన ఉప్పు చెమ్మగిల్లి ముద్దకట్టడం మీకు తెలుసు కదా, అలాంటిదే. రబ్బరు గొట్టాల గోడల గుండా, రిజర్వాయర్ మూత దగ్గర తేమ మెల్లమెల్లగా లోపలికి చేరుతుంది. బండి నడిచినా, షెడ్డులో పడి ఉన్నా అది ఆగదు. అందుకే బ్రేకు ద్రవం వయసును కిలోమీటర్లతో కొలవరు, నెలలతో కొలుస్తారు. నీరు దాదాపు 3.7 శాతానికి చేరిన స్థితికి కూడా ప్రమాణాలు ఉన్నాయి. అప్పుడు ఉండవలసిన కనీస మరుగు స్థానం డాట్ 3కి 140 డిగ్రీలు, డాట్ 4కి 155 డిగ్రీలు, డాట్ 5.1కి 180 డిగ్రీలు. వంద పాళ్లలో నాలుగు పాళ్లు కూడా లేని నీరు డాట్ 4 మరుగు స్థానాన్ని 75 డిగ్రీలు కిందికి లాగగలదన్నమాట.

మరిగితే ఏమవుతుంది? ఆవిరి పుడుతుంది. ఒక మిల్లీగ్రాము నీరు, అంటే ఒక చుక్కలో 50వ వంతు, మామూలు పీడనం దగ్గర ఆవిరైతే దాదాపు 1.7 ఘన సెంటీమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. పిడిని హ్యాండిల్ దాకా తెచ్చే బుడగ పరిమాణం ఇందాక లెక్కించాం, 1 ఘన సెంటీమీటరు. ఇది అంతకంటే ఎక్కువ.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. బ్రేకు గట్టిగా పట్టి ఉంచినప్పుడు ద్రవం ఎక్కువ పీడనంలో ఉంటుంది. పీడనం పెరిగితే మరుగు స్థానం పెరుగుతుంది, ప్రెషర్ కుక్కర్‌లో జరిగేది ఇదే. కాబట్టి పట్టి ఉన్నంతసేపూ ద్రవం మరగకపోవచ్చు. పిడి వదలగానే పీడనం పడిపోతుంది. వేడెక్కిన ద్రవం ఒక్కసారిగా మరుగుతుంది. తరవాతి మలుపులో మళ్లీ పిడి లాగితే చేతికి ఏమీ తగలదు. క్షణం కిందటి వరకు బాగా పనిచేసిన బ్రేకు ముందస్తు హెచ్చరిక లేకుండా పోతుంది. బండి ఎలాగో ఆగి, అరగంట చల్లారిందంటే ఆవిరి మళ్లీ ద్రవంగా మారుతుంది, పిడి గట్టిపడుతుంది. మెకానిక్ చూసి "బ్రేకు బాగానే ఉంది కదండీ" అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. చల్లటి బ్రేకు నిజంగానే బాగుంటుంది. జబ్బు ద్రవంలోని నీటిలో ఉంది, అది కంటికి కనిపించదు. గాలిని తీస్తే చాలదు, పాత ద్రవాన్ని మొత్తం మార్చాలని చెప్పేది ఇందుకే.

ఇంకో హెచ్చరిక. 'బ్రేక్ ఆయిల్' అనే పేరు విని దాన్ని నూనె అనుకోకండి. ద్రవం తగ్గిందని ఇంజన్ ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్ లాంటివి పోస్తే, ఈ ద్రవానికి తగినట్టు చేసిన లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి మెత్తబడతాయి. పిస్టన్లు ఇరుక్కుపోవచ్చు, సీళ్లు కారవచ్చు. పెట్రోలుతో, కిరోసిన్‌తో ఆ భాగాలు కడగడమూ తప్పే. రిజర్వాయర్ మూత మీద ఏ రకం ద్రవం పోయాలో రాసి ఉంటుంది. అదే పోయాలి. డాట్ 5 అనే రకం సిలికోన్‌తో చేసినది. దాని పేరు డాట్ 5.1కు దగ్గరగా ఉన్నా గుణం వేరు. డాట్ 3, 4, 5.1లతో దాన్ని కలపకూడదు.

ఇప్పుడు పని ఎలా చేయాలో వరసగా చెప్పుకుందాం. మొదటిసారి చేసేటప్పుడు అనుభవం ఉన్న మెకానిక్‌నో, వర్క్‌షాప్ అధ్యాపకుణ్నో పక్కన ఉంచుకోండి. బండి తయారీదారు ఇచ్చిన సర్వీస్ పుస్తకంలో వేరే పద్ధతి ఉంటే దాన్నే పాటించండి.

కావలసినవి ఇవి: సీలు తీయని కొత్త ద్రవం సీసా, నిపుల్‌కు సరిపోయే రింగ్ స్పానర్, లోపల ఏముందో కనిపించే ప్లాస్టిక్ గొట్టం, ఒక ఖాళీ సీసా, సిరంజి, శుభ్రమైన గుడ్డలు, బకెట్ నీళ్లు, చేతి తొడుగులు, కళ్లద్దాలు. ఇంకా ఒక మనిషి తోడు. ఎప్పుడో మూత తీసి అటక మీద పెట్టిన సీసాను వాడకండి. అది అప్పుడే తేమ పీల్చుకుని ఉంటుంది.

ముందు బండిని చదునైన నేల మీద కదలకుండా నిలపండి. బురద కడిగి ఆరనివ్వండి. హ్యాండిల్‌ను రిజర్వాయర్ సమతలంగా ఉండేలా తిప్పండి. చుట్టూ పెయింట్ మీద తడిగుడ్డ కప్పండి. ఈ ద్రవం పెయింట్‌ను తినేస్తుంది. పొరపాటున పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

మూత తీసే ముందు ద్రవం మట్టం ఎంతుందో చూడండి. తక్కువగా ఉంటే వెంటనే నింపేయకండి, ప్యాడ్లు చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు వస్తాయి. ఆ ఖాళీని నింపడానికి ద్రవం కిందికి దిగుతుంది. ప్యాడ్లు బాగానే ఉండి ద్రవం తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ముందు ఆ చోటు కనిపెట్టాలి.

మూత తీసి పాత ద్రవాన్ని సిరంజితో తోడేయండి. అడుగున ఉన్న మడ్డిని నూలు రాలని శుభ్రమైన గుడ్డతో తుడవండి. కొత్త ద్రవాన్ని నెమ్మదిగా పోయండి. సీసాను కుదపకండి, బుడగలు వస్తాయి.

తరవాత కాలిపర్ దగ్గరికి వెళ్లండి. అక్కడ రబ్బరు టోపీ కింద చిన్న బ్లీడర్ నిపుల్ ఉంటుంది. అది కాలిపర్‌కు పై భాగాన ఉందో లేదో చూడండి. గాలి పైకి పోతుంది కాబట్టి నిపుల్ పైనే ఉండాలి. సొంతంగా బండి తయారు చేసేవాళ్లు కొన్నిసార్లు ఎడమ కాలిపర్‌ను కుడివైపు, కుడిదాన్ని ఎడమవైపు బిగిస్తారు. అప్పుడు నిపుల్ కిందికి వస్తుంది. గాలి పైన చిక్కుకుపోతుంది. రోజంతా ద్రవం పంపినా పిడి గట్టిపడదు.

నిపుల్‌కు ముందు రింగ్ స్పానర్ తగిలించి, తరవాత గొట్టం తొడగండి. గొట్టాన్ని కొంచెం పైకి వంచి, రెండో చివరను సీసాలో పోసిన కొద్దిపాటి ద్రవంలో ముంచండి. ఇలా చేస్తే గాలి వెనక్కి రాదు, వచ్చే బుడగలూ కనిపిస్తాయి.

ఇక ఇద్దరూ కలిసి చేయాల్సిన పని. పిడి దగ్గర ఒకరు, నిపుల్ దగ్గర ఒకరు. మాట నిపుల్ దగ్గరున్న వారిదే. "నొక్కు" అనగానే పిడి దగ్గరివారు రెండు మూడుసార్లు నెమ్మదిగా నొక్కి, చివరిసారి అలాగే పట్టుకుని "పట్టుకున్నా" అనాలి. అప్పుడు నిపుల్‌ను పావు నుంచి అర చుట్టు వదులు చేయాలి. ద్రవం, బుడగలు గొట్టంలోకి వస్తాయి. పిడి హ్యాండిల్ వైపు జారుతుంది. జారినా వదలకూడదు. నిపుల్ బిగించాక "వదులు" అనాలి, అప్పుడే వదలాలి. ఈ వరసే ఇందులో ప్రాణం. నిపుల్ తెరిచి ఉండగా పిడి వదిలితే పిస్టన్ వెనక్కి వచ్చి గాలిని లోపలికి లాగుతుంది, చేసిన పనంతా వృథా అవుతుంది. గబగబా నొక్కినా ప్రయోజనం లేదు. ద్రవం నురగలెత్తి పెద్ద బుడగలు చిన్న చిన్నవిగా విడిపోతాయి. వాటిని తీయడం ఇంకా కష్టం.

ఇలా ఐదారు సార్లు చేసిన ప్రతిసారీ రిజర్వాయర్ చూసి కొత్త ద్రవం పోయండి. అది ఒక్కసారి ఖాళీ అయితే మాస్టర్ సిలిండర్‌లోకే గాలి పోతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలు పెట్టాలి. పాత ద్రవం టీ డికాషన్ రంగులో వస్తుంది. తేనె రంగు తగ్గి కొత్త సీసాలో ఉన్న రంగే రావాలి, బుడగలు ఆగిపోవాలి. అప్పటిదాకా చేయండి. మధ్యలో గొట్టాన్ని స్పానర్ పిడితో మెల్లగా తట్టితే గోడలకు అంటుకున్న బుడగలు కదులుతాయి.

ఒక చక్రం అయ్యాక రెండోది. సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలు పెట్టి దగ్గరకు వస్తారు. చాలా ఏటీవీల్లో ముందు బ్రేకులకు, వెనక బ్రేకులకు వేర్వేరు మాస్టర్ సిలిండర్లు ఉంటాయి. ఒక దారి పాడైనా ఇంకోటి పనిచేయాలని అలా పెడతారు. కాబట్టి రెండు రిజర్వాయర్లనూ మార్చాలి. చేతి పిడి దగ్గర మార్చి, కాలి పెడల్ దగ్గరిది మరచిపోవడం తరచూ జరిగే పొరపాటు.

చివరగా నిపుల్‌ను బిగించండి, బలమంతా చూపకండి. అది సన్నని, బోలు బోల్టు. విరిగితే కాలిపరే మార్చాల్సి రావచ్చు. తుప్పు పట్టి రాకపోతే తుప్పు వదిలించే ద్రవం వేసి కాసేపు ఆగి ప్రయత్నించండి. రబ్బరు టోపీ తప్పకుండా పెట్టండి. లేకపోతే బురద నిపుల్ రంధ్రాన్ని మూసేస్తుంది. రిజర్వాయర్‌లో పై గీత వరకు ద్రవం పోసి మూత బిగించండి. డిస్క్, ప్యాడ్ల మీద చుక్క కూడా పడలేదని చూసుకోండి.

ఇప్పుడు పరీక్ష. పిడి గట్టిగా నొక్కి అరనిమిషం పట్టి ఉంచండి. నిలకడగా ఉంటే మంచిది. మెత్తగా ఉంటే గాలి మిగిలింది. గట్టిగానే ఉండి మెల్లగా కిందికి జారుతుంటే ఎక్కడైనా కారుతోందేమో చూడండి. బయట తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి సీలు అరిగి ఉండవచ్చు. అది బ్లీడింగ్‌తో తీరే సమస్య కాదు. ఎంత గాలి తీసినా పిడి మెత్తగానే ఉంటే పాత రబ్బరు గొట్టం పీడనానికి ఉబ్బుతోందేమో చూడాలి. అన్నీ సరిగ్గా ఉంటే ఖాళీ మైదానంలో నడక వేగంతో బ్రేకు వేసి చూడండి. తరవాత కొంచెం వేగం పెంచండి. కొండ దారి ఆ తరవాతే.

తీసిన ద్రవం విషపదార్థం. దాన్ని మురుగు కాలువలో, మట్టిలో పోయకండి. మళ్లీ బండిలో పోయకండి. కూల్ డ్రింక్ సీసాలో అసలు ఉంచకండి, పిల్లలు పొరబడతారు. మూత బిగించి, పేరు రాసి, వాడిన ఇంజన్ ఆయిల్ తీసుకునే వర్క్‌షాప్‌లో దానితో కలపకుండా విడిగా ఇవ్వండి.

చాలామంది తయారీదారులు ఈ ద్రవాన్ని రెండేళ్లకోసారి మార్చమంటారు. నీటిలో, బురదలో తిరిగే ఏటీవీకి ఇంకా ముందే మార్చాల్సి రావచ్చు. అయ్యే ఖర్చు ఒక సీసా ద్రవం, ఒక పూట శ్రమ.

ఈ ప్రసంగం చదివాక ఒక పని చేయండి. మీ అందరికీ ఏటీవీ అందుబాటులో ఉండకపోవచ్చు, డిస్క్ బ్రేకు ఉన్న మోటారు సైకిలో కారో మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉంటుంది. దాని బ్రేకు రిజర్వాయర్ ఎక్కడుందో పెద్దవాళ్లను అడిగి చూడండి. మూత తీయకండి. దాని మీద ఏ రకం ద్రవం పోయాలని రాసి ఉందో చదవండి. పక్కనున్న చిన్న గాజు కిటికీలోంచి ద్రవం మట్టం, రంగు చూడండి. దాన్ని చివరిసారి ఎప్పుడు మార్చారని అడగండి. ఎవరికీ గుర్తు లేకపోతే ఈ వారమే బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లమని చెప్పండి. ఎందుకని అడిగితే, 3.7 శాతం నీటి లెక్క మీరు వాళ్లకు వివరించగలరు.